గీజర్‌లో గార, పళ్ల మీద గార

మొన్న చలికాలంలో ఒక పొద్దున మా ఇంట్లో వేడినీళ్ల కుళాయి తిప్పితే నీళ్లు సన్నటి దారం మాదిరి కారినయ్. పక్కనే ఉన్న చన్నీళ్ల కుళాయి మాత్రం భేషుగ్గా పారతా ఉంది. గీజర్ నుంచేమో గుర్రు గుర్రుమని చప్పుడు. పైపుల పని చేసే తమ్ముణ్ణి పిలిస్తే, గీజర్ నుంచి కుళాయికి వచ్చే పాత ఇనప పైపు ముక్కొకటి కోసి నా చేతిలో పెట్టాడు. ముప్పావు అంగుళం పైపు. లోపల తెల్లగా, పొరలు పొరలుగా రాయి పేరుకుపోయి పెన్సిల్ కూడా దూరనంత సందు మిగిలింది.

"ఇది పైపు కాదన్నా, సున్నపు బట్టీ" అన్నాడు.

మాయమ్మ ఆ ముక్క తీసుకుని చూసి, "ఈ గారే గదరా మన పిల్లోళ్ల పళ్లకు పట్టేది" అంది. అక్కడున్న అందరూ అవునన్నట్టు తలలూపారు.

ఆ మాట తప్పు. యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యాడికి పోయినా ఈ మాటే వినిపిస్తది. పైపులో తెల్లగా పట్టినా గారే అంటాం, పళ్ల మీద పసుప్పచ్చగా, గోధుమ రంగుగా పట్టినా గారే అంటాం. పేరు ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కాదు. ఈ రెంటినీ ఒకటనుకుని నేనే ఒక పెద్ద పొరపాటు చేసినా. అది చివర చెప్తా. ముందు గీజర్ సంగతి చూద్దాం, ఎందుకంటే అది మన చేతిలో పని.

ఈ రాయి యాణ్ణుంచి వచ్చింది?

వాన నీళ్లు భూమిలోకి ఇంకేటప్పుడు మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటయ్. ఆ నీళ్లు సున్నపురాతి పొరల్లో నుంచి దిగేటప్పుడు రాతిని కొంచెం కొంచెం కరిగించి వెంట తెచ్చుకుంటయ్. మన కింద ఉన్నది కడప రాళ్ల పొర. మార్కాపురం పలకరాయి ఆ పొరలోదే, దాంట్లోనే సున్నం ఉన్న రాళ్లు కూడా ఉండాయి. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతిలో ఎక్కువ కాలం నానతయ్, ఎక్కువ కరిగించుకుంటయ్.

చన్నీళ్లలో ఆ సున్నం కరిగి కనపడకుండా ఉంటది. కాగబెట్టామా, వాయువు ఎగిరిపోయిద్ది, సున్నం ఇంక కరిగి ఉండలేక రాయిగా విడిపోయిద్ది. చక్కెర వేడినీళ్లలో బాగా కరుగుద్ది, ఈ సున్నం మాత్రం దానికి రివర్స్. నీళ్లు ఎంత వేడెక్కితే అంత ఎక్కువగా బయటపడతది. 60 డిగ్రీలు దాటినాక ఇంకా జోరుగా. అందుకే చన్నీళ్ల పైపు బాగుండి వేడినీళ్ల పైపు మూసుకుపోయేది. మా అవ్వ కట్టెల పొయ్యి మీద పెట్టిన కాగు అడుగున తెల్లగా అట్ట కట్టేది కూడా ఇదే. అవ్వ ఇటుకపొడి పెట్టి గీకేది. ఇప్పుడు ఆ కాగు గోడకెక్కింది, లోపల చెయ్యి పెట్టి గీకే వీలు లేదు. తేడా అంతే.

ఎంత పేరుకుంటదో చిన్న లెక్క చూడండి. తాగే నీళ్లకు మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, దాని నంబరు ఐఎస్ 10500, ఇప్పుడు నడుస్తున్నది 2012 నాటిది. దాని ప్రకారం లీటరు నీళ్లలో కాఠిన్యం, అంటే ఈ సున్నపు గట్టిదనం, 200 మిల్లీగ్రాముల లోపు ఉండాల. వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. ఆ 600 ఉన్న నీళ్లు రోజుకు 100 లీటర్లు కాగబెడతామనుకోండి. రోజుకు 60 గ్రాములు, ఏడాదికి దాదాపు 22 కిలోలు. అదంతా రాయి కాదు, చాలావరకు నీళ్లతోనే పోయిద్ది. పదో వంతు నిలిచినా రెండు కిలోల పైన. ఒక చిన్న గీజర్ కడుపులో ఏడాదికి రెండు కిలోల రాయి!

జబ్బు యాడుందో ముందు కనుక్కోండి

మనోళ్లు చేసే మొదటి తప్పు, నీళ్లు సన్నగా రాగానే గీజర్ పాడైందని షాపుకు పరిగెత్తటం. ఖర్చు పెట్టే ముందు ఇవి చూడండి.

వేడి, చన్నీళ్లు రెండూ సన్నగా వస్తన్నాయా? అయితే గీజర్ తప్పు లేదు. మేడ మీద ట్యాంకు నుంచి దిగే పైపో, వాల్వో చూసుకోవాల. ట్యాంకు అడుగు మడ్డి పైపులోకి దిగి ఉంటది.

ఒక్క కుళాయిలోనే వేడినీళ్లు సన్నగా ఉన్నాయా? ఆ కుళాయి మూతిలో ఉండే జాలీ తిప్పి తీయండి. షవర్ అయితే దాని చిల్లులు చూడండి. సగం ఇళ్లల్లో జబ్బు ఈడనే ఉంటది. జాలీని రాత్రికి వెనిగర్‌లో నానేసి పొద్దున పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే కొత్తదయిద్ది. పైసా ఖర్చు లేదు.

అన్ని కుళాయిల్లో వేడినీళ్లు మాత్రమే సన్నగా ఉన్నాయా? అప్పుడు గీజర్‌లోనో, దాని నుంచి బయటికొచ్చే పైపులోనో అడ్డం ఉంది. గీజర్‌కు లోపలికి పోయే గొట్టం, బయటికొచ్చే గొట్టం, మలుపు దగ్గర ఉండే ఎల్బోలు మొదట మూసుకుపోతయ్.

కుళాయి కింద తెల్ల గుడ్డ పట్టి చూడండి. ఏం పడిందో దాన్ని బట్టి కథ తెలిసిద్ది. తెల్ల పెళ్లలైతే సున్నం. ఎర్రగా ఉంటే ఇనప పైపు తుప్పు. నల్లటి మెత్తటి ముక్కలైతే గీజర్‌కు తగిలించిన గొట్టం లోపలి రబ్బరు చివికిపోతంది, గొట్టం మార్చాల. గరగరలాడే రేణువులైతే బోరు ఇసక. సున్నమా ఇసకా అని అనుమానమొస్తే రెండు చుక్కల నిమ్మరసం పిండండి. సున్నమైతే నురగ పొంగుద్ది. ఇసక అట్టనే ఉంటది.

టైము కూడా చూడండి. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాగాలంటే అర యూనిట్ పైచిలుకు కరెంటు చాలు. 2 కిలోవాట్ల గీజర్‌కు అది పదహారు పదిహేడు నిమిషాల పని. అదే పని అరగంట పడతా ఉంటే, లేకపోతే మాటిమాటికీ దానంతటదే ఆఫ్ అయితా ఉంటే, లోపలి కాయిల్ మీద గార కప్పేసిందని అనుమానించాల. గార దుప్పటి కప్పుకున్న కాయిల్ తన వేడి నీళ్లకు ఇయ్యలేక లోపల్లోపల మాడి ఒకరోజు పగులుద్ది. ఆ గుర్రు గుర్రు చప్పుడు కూడా అదే. అడుగున పేరుకున్న రాయి కింద నీళ్లు చిక్కుకుని ఉడుకుతున్న చప్పుడు.

కడుక్కునే పద్ధతి

మొదటి మాట: స్విచ్ ఆపితే చాలదు, ఎంసీబీ దించండి. నీళ్లు చల్లారే దాకా రెండు మూడు గంటలు ఆగండి. కరెంటు, వేడినీళ్లు, ఈ రెండూ తొందరపడ్డోణ్ణి వదలవు.

లోపలికొచ్చే నీళ్ల వాల్వు కట్టేసి, వేడినీళ్ల కుళాయి తెరిచి, కింద మడ్డి దించే మూత ఉంటే అది, లేకపోతే నీళ్లు లోపలికొచ్చే గొట్టం విప్పి బకెట్ పెట్టండి. మొదట వచ్చే మడ్డి నీళ్లు చూస్తే ఇన్నాళ్లూ దేంతో తానం చేసినామో అర్థమయిద్ది. నీళ్లు తేటగా వచ్చే దాకా రెండు మూడు సార్లు కొంచెం కొంచెం నీళ్లు వదిలి దించండి. మన నీళ్లకు ఈ పని మూడు నెలలకొకసారి చేసుకుంటే మంచిది.

రాయి ముదిరితే కాయిల్ బయటికి తీయాల. అది ఎలక్ట్రీషియన్ పని, మనం వేలు పెట్టొద్దు. తీసిన కాయిల్‌ను లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణంలో గంటో రెండు గంటలో నానేస్తే గార పొంగి ఊడిపోయిద్ది. కత్తితో గీకొద్దు, పైపూత పోయిద్ది. కాయిల్ తీసినప్పుడే దాని పక్కనుండే మెగ్నీషియం కడ్డీ చూడమనండి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు తన మీదకు తెచ్చుకుని కరిగిపోవటమే దాని పని. అది సన్నటి తీగ మిగిలిందంటే మార్చే వేళయింది. ఆ కడ్డీ పోయినాక తుప్పు తినేది ట్యాంకునే.

బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం గీజర్లో పోయొద్దు. అది గారతో పాటు రాగినీ, ట్యాంకు లోపలి పూతనూ తింటది. ఆ యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ విషవాయువు పుడతది. మూసిన బాత్రూంలో ప్రాణం మీదకొచ్చే పని అది.

ఇంకోటి. గీజర్ కింద ఒక చిన్న సేఫ్టీ వాల్వు ఉంటది. కాగేటప్పుడు దాంట్లో నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారటం మామూలే, లోపలి ఒత్తిడి అట్టా బయటికి పోయిద్ది. నీళ్లు వేస్టయితన్నాయని దాన్ని మూసేసిన ఇల్లు నేను చూసినా. మూస్తే గీజర్ ఒక బాంబు. గార పట్టి అదే బిగుసుకుపోయినా అంతే ప్రమాదం. మడ్డి దించిన ప్రతిసారీ ఆ వాల్వు పిడి ఒకసారి ఎత్తి, నీళ్లు చిమ్మి ఆగుతన్నాయో లేదో చూడండి.

ఇనప పైపు పూర్తిగా మూసుకుపోతే కడగటానికి ఖర్చు పెట్టొద్దు, మార్చేయండి. వేడినీళ్లకు సీపీవీసీ పైపు వేయాల, మామూలు పీవీసీ మెత్తబడి సాగిపోయిద్ది. గీజర్ వేడి 55, 60 డిగ్రీల మధ్య పెట్టుకోండి. ట్యాంకు నుంచి పైపు తీసేటప్పుడు అడుగుకు రెండు మూడు అంగుళాల పైన తీస్తే మడ్డి పైపులోకి రాదు.

గీజర్ లేని ఇళ్లే మన ఊళ్లల్లో ఎక్కువ. బకెట్లో రాడ్ పెట్టుకుంటాం. రాడ్‌కూ ఇదే గార, ఇదే నిమ్మ ఉప్పు మందు. అయితే ప్లగ్ పీకి, రాడ్ చల్లారినాకనే చెయ్యి పెట్టాల. రాడ్ మీద పగులు కనపడితే ఆ రోజే పారేయండి. స్విచ్ ఆన్‌లో ఉండగా నీళ్లు కాగినాయా అని వేలు పెట్టి చూసే అలవాటు మానండి.

ఇంక నా పొరపాటు

మా చిన్నాయన చేలో ఒక బోరు ఉంది. ఆ నీళ్లు కాగబెడితే గార పట్టదు. సబ్బు నురగ బాగా వచ్చిద్ది, కందిపప్పు తొందరగా ఉడుకుద్ది. మన దిక్కు అట్టాంటి నీళ్లు దొరకటమే అదృష్టం అనుకున్నాం. గార లేదు గదా, ఇంకేంది, ఇవే మంచినీళ్లు అని ఇంటిల్లిపాదికీ నేనే చెప్పినా. కొన్నేళ్లు బిందెలు బిందెలు మోసుకొచ్చుకుని తాగినాం. పక్కింటోళ్లకు కూడా ఇచ్చినాం.

ఒకరోజు మా వీధిలోకి నీళ్ల పరీక్ష పెట్టెతో ఒకామె వచ్చింది. అన్ని నీళ్లూ చూస్తా ఉంటే సరదాకి ఈ నీళ్లు కూడా ఇచ్చినా. ఆమె మందు చుక్కలు వేసింది. గులాబీ రంగు ఉండాల్సిన నీళ్లు పసుపుకు తిరిగినయ్. ఆమె రంగుల కార్డు పక్కన పెట్టి చూసి, "అన్నా, ఇవి గిన్నెలు కడుక్కోను వాడుకోండి, పిల్లోళ్లకు మాత్రం పోయొద్దు" అంది. ఫ్లోరైడ్ హద్దు దాటింది.

నాకు అర్థం కాలా. గారే పట్టని నీళ్లలో ఫ్లోరైడ్ ఎట్టా? దొరికిన పుస్తకాలు చదివి, తెలిసినోళ్లను అడిగి తెలుసుకున్నది ఇది. పైపులో గార అంటే సున్నం, అంటే కాల్షియం. పళ్ల మీద గార ఫ్లోరైడ్ చేసిన గాయం. ఈ రెంటికీ నీళ్లలో పొసగదు. కాల్షియం బాగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ కొంత దాంతో కలిసి గట్టిపడి కిందకి దిగిపోయిద్ది. రాతి పొరల్లో ప్రయాణిస్తా కాల్షియాన్ని పోగొట్టుకుని సోడా గుణం ఎక్కిన నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టుకునేవాడు ఉండడు, అది కరిగే ఉంటది. అందుకని మెత్తటి, నురగొచ్చే, గార పట్టని నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే అవకాశం ఉంది. అట్టాగని గార పట్టే నీళ్లన్నీ మంచివని కాదు, రెండూ ఉన్న బోర్లు కూడా ఉంటయ్. చెప్పొచ్చేదేందంటే గీజర్‌ను చూసి తాగే నీళ్ల మంచీచెడూ తేల్చలేం. నాలుక కూడా చెప్పలేదు, ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు.

ఇంకో నమ్మకం: కాగబెట్టి తాగితే దోషం పోయిద్దని. క్రిములకు ఆ మాట నిజం. ఫ్లోరైడ్‌కు కాదు. కాగబెడితే నీళ్లు ఆవిరైపోతయ్, ఫ్లోరైడ్ ఉన్నది ఉన్నట్టే ఉంటది, మిగిలిన నీళ్లలో చిక్కబడుద్ది. గీజర్ బాగు కోసం అమ్మే సాఫ్ట్‌నర్ మిషన్లు కూడా కాల్షియం తీసి సోడియం పెడతయ్, ఫ్లోరైడ్ జోలికి పోవు. ఆర్‌వో మిషన్ దాన్ని తగ్గిస్తది గానీ, లోపలి పొర అరిగిపోతే మనకు తెలియదు. క్యాన్ నీళ్ల ప్లాంటోళ్లను చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారో అడిగే హక్కు మీకుంది.

ఫ్లోరైడ్‌కు ఐఎస్ 10500 ఒప్పుకునేది లీటరుకు 1 మిల్లీగ్రాము, దిక్కులేకపోతే ఒకటిన్నర. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు అంతకు మించి తాగితే చిగురులోపల తయారయ్యే పళ్లకే మచ్చ పడుద్ది, తర్వాత ఎంత తోమినా పోదు. పెద్దోళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుంటయ్, నడుం వంగుద్ది.

ఇది ఇయ్యాళ్టి జబ్బు కాదు

1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో నీళ్ల ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి వైద్య పత్రికలో రాశారు. ఆ రోజుల్లో పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరులోనే ఉండేవి. మన మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి. 1970లో ఇవన్నీ కలిసి ఒక జిల్లా అయినయ్, తర్వాత దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా పేర్లు మారినయ్, బోర్ల లోతు పెరిగింది, కుళాయి కింద బిందె మారలా.

వెలిగొండకు 1996లో పునాది రాయి పడింది. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఈ ప్రాజెక్టు శ్రీశైలం వెనక నీళ్లను కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కింద రెండు సొరంగాల్లో మన దిక్కుకు తేవాల. ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్ల సొరంగం. లక్ష్యం 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఈ ముక్క రాసేటప్పటికి మా బాత్రూంలో పారేది బోరు నీళ్లే. ముంపు ఊళ్లోళ్లకు ఇయ్యాల్సిందంతా ఇచ్చి, కాల్వలు పూర్తి చేసి నదినీళ్లు ఇంటికి తేవటమే అసలు మందు. నదినీళ్లు రాతిలో ఏళ్ల తరబడి నానవు, అందుకే వాటిల్లో సున్నమూ తక్కువే, ఫ్లోరైడూ తక్కువే. పైపు గారకూ పళ్ల గారకూ ఒకటే విరుగుడు అదే.

అది వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడోళ్లకు నీళ్ల పరీక్ష పెట్టె వాడటం నేర్పాలని రూలుంది. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీలో అడగండి. లేరంటే ఎందుకు లేరని అడగండి. ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ల లాబుకు నీళ్లు పంపమనండి. ఒక్కసారితో సరిపెట్టొద్దు, వానల ముందొకసారి, తర్వాతొకసారి.

మా ఊళ్లో మేం అడగబోయేది ఒక్కటే. ఊళ్లో ఉన్న ప్రతి బోరు పక్కన గోడ మీద రెండు అంకెలు పెయింటుతో రాయాల. ఒకటి కాఠిన్యం, రెండోది ఫ్లోరైడ్, కింద పరీక్ష చేసిన తేదీ. మొదటి అంకె చూసి గీజర్ సంగతి మేం చూసుకుంటాం. రెండో అంకె చూసి ఏ బిందె పిల్లోడికి ఇయ్యాలో మాయమ్మ చూసుకుంటది. పెయింట్ డబ్బా ఖర్చు ఎక్కువంటే చందాలేసి కొనిస్తాం.

చిన్నాయన బోరు నీళ్లతో ఇప్పుడు గుడ్డలు ఉతుక్కుంటన్నాం, గీజర్‌లోకి కూడా అవే ఎక్కిస్తన్నాం. దానికైతే బంగారం లాంటి నీళ్లు. ఆ కోసిన పైపు ముక్క మాత్రం పారేయలా. మా ఇంటికొచ్చినోళ్లకు చూపించి, ఇది ఏ గారో చెప్పండి అని అడగతా ఉంటా. చాలామంది ఇంకా తప్పే చెప్తన్నారు.